దొంగ అక్షరం చెప్పిన నిజం

మోకాలు గీసుకుపోతే నాలుగు రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. మరి మెదడులో కణాలు పోతే? ‘పోయినవి పోయినట్టే, పెద్దయ్యాక కొత్తవి పుట్టవు’... వైద్యశాస్త్రం చాలాకాలం చెప్పిన మాట ఇది. ఆ మాటను 1998లో ఐదుగురు క్యాన్సర్‌ రోగులు మార్చేశారు. అదీ, వాళ్లు చనిపోయాక!

ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి. ఆ నకలు రాసేది నాలుగు రసాయన అక్షరాలతో. వాటిలో థైమిడిన్‌ ప్రత్యేకం. దాని అవసరం దాదాపుగా డీఎన్‌ఏకి మాత్రమే. కాబట్టి థైమిడిన్‌కి ఏదైనా గుర్తు పెట్టి కణాలకు అందిస్తే... నకలు తీస్తున్న కణాలేవో తెలిసిపోతుంది.

1957లో అమెరికాలో హెర్బర్ట్‌ టేలర్‌ బృందం చేసిందదే. రేడియోధార్మిక థైమిడిన్‌ను ఒకరకం చిక్కుడు మొక్క వేళ్లకు అందించారు. దాన్ని వాడుకున్న కణాలు ఫొటో ఫిల్ముమీద నల్లచుక్కలుగా కనిపించాయి. పద్ధతి మంచిదే. కానీ రేడియేషన్‌తో పని, ఫలితానికేమో రోజుల తరబడి ఎదురుచూపు.

తర్వాత బీఆర్‌డీయూ వచ్చింది. చూడటానికి థైమిడిన్‌లానే ఉండే దొంగ అక్షరం ఇది. దొంగనోటును అసలుదనుకుని గల్లాపెట్టెలో వేసుకున్న దుకాణదారులా కణం దాన్ని డీఎన్‌ఏలో కలిపేసుకుంటుంది. 1982లో ఈ దొంగను పట్టే యాంటీబాడీని గ్రాట్జ్‌నర్‌ తయారుచేశారు. దానికి రంగు జోడిస్తే మైక్రోస్కోపు కింద ఆ కణాలు ఇట్టే తెలిసిపోతాయి.

స్వీడన్‌లో క్యాన్సర్‌ గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడానికి కొందరు రోగులకు బీఆర్‌డీయూ ఎక్కించారు. అది గడ్డకే కాదు, రక్తంతోపాటు మెదడుకీ వెళ్తుంది కదా! పీటర్‌ ఎరిక్సన్‌, అమెరికాకు చెందిన ఫ్రెడ్‌ గేజ్‌ పట్టుకున్న చిన్న కిటుకు అదే. ఆ రోగుల్లో ఐదుగురి మెదళ్లను మరణానంతరం పరీక్షించారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో బీఆర్‌డీయూ ఉన్న నాడీకణాలు కనిపించాయి. అంటే అవి రోగి పెద్దయ్యాక పుట్టినవే!

అంతటితో వాదన ముగిసిందా? లేదు. పాడైన డీఎన్‌ఏని బాగుచేసుకునేటప్పుడూ కణం కొద్దిగా బీఆర్‌డీయూ వాడుకోవచ్చు. 2018లో ఒక బృందం వేరే పద్ధతిలో వెతికి, పెద్దల్లో కొత్త నాడీకణాల జాడ లేదంది. అదే ఏడాది మరో బృందం ఉందంది. 2025లో స్వీడన్‌ శాస్త్రవేత్తలు పెద్దల హిప్పోక్యాంపస్‌లో నాడీకణాలకు మూలమైన, విభజన చెందే కణాలను గుర్తించారు. ఇక ప్రయోగశాలల్లో 2008 నుంచి ఈడీయూ అనే మరో దొంగ అక్షరమూ వాడుకలో ఉంది. దానికి యాంటీబాడీతో పనిలేదు, చిన్న రసాయన చర్యతోనే వెలుగుతుంది.

పద్ధతులు మారుతున్నా ప్రశ్న ఒక్కటే. మతిమరుపు వ్యాధుల్లో దెబ్బతినే ఆ భాగం తనను తాను కొంతైనా బాగుచేసుకోగలదా? జవాబు చూసేందుకు ఆ ఐదుగురూ లేరు. కానీ ఆశకు తొలి ఆధారం దొరికింది వాళ్ల మెదళ్లలోనే.