రంగు గాజు: చర్చి మరమ్మతులో చివరి పద్దు కాకూడదు

చర్చిని బాగుచేయాలనుకున్నప్పుడు సంఘ పెద్దలు ముందుగా పైకప్పు, నేల, మైకుల లెక్క చూస్తారు. రంగు గాజు కిటికీల మాట, డబ్బు మిగిలితే చూద్దామన్నట్టు ఆఖరున వస్తుంది. ఈ వరుస మారాలి. లోపలికి ఎంత వెలుగు రావాలో, ఏ రంగులో రావాలో, కూర్చున్నవారి చూపు ఎక్కడ నిలవాలో నిర్ణయించేది ఆ గాజే. చెక్కడాలు, నగిషీలు అంతగా ఉండని ఆధునిక కాంక్రీటు చర్చిల్లో ప్రార్థనా వాతావరణాన్ని కల్పించే భారం చాలావరకు వెలుగు మీదే పడుతుంది.

బెర్లిన్‌లోని కైజర్ విల్‌హెల్మ్ స్మారక చర్చి ఇందుకు గట్టి సాక్ష్యం. 1943 బాంబు దాడిలో పాత చర్చి దెబ్బతింది. మిగిలిన శిథిల గోపురాన్ని అలాగే నిలిపి, దాని పక్కన వాస్తుశిల్పి ఎగాన్ ఐయర్మన్ ఎనిమిది భుజాల కొత్త చర్చిని రూపొందించాడు. 1961లో అది ప్రారంభమైంది. ఫ్రాన్స్ కళాకారుడు గాబ్రియేల్ లువార్ చేసిన 20,000కు పైగా గాజు పలకలను దాని కాంక్రీటు చట్రాల్లో బిగించారు. రెండు వరుసల గోడల మధ్య ఉన్న ఖాళీ వీధి రొదను తగ్గిస్తుంది. ఆ ఖాళీలోని దీపాల వల్ల చీకటి పడ్డాక కూడా నీలి వెలుగు నిలుస్తుంది. ఆ గాజును తీసేస్తే మిగిలేది కాంక్రీటు చట్రమే.

బైబిలు దృశ్యం లేని రంగు గాజు విశ్వాసికి ఏం చెబుతుందని కొందరు అడుగుతారు. కొలోన్ కథీడ్రల్‌లో 2007లో గెర్హార్డ్ రిక్టర్ 72 రంగుల్లో 11,000కు పైగా చదరాలతో కిటికీ చేసినప్పుడు, అక్కడి కార్డినల్ మైస్నరే అభ్యంతరం చెప్పారు. అయితే యుద్ధంలో పాత కిటికీ పోయాక అక్కడ పెట్టిన మామూలు గాజు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగును లోపలికి వదిలేది. దాన్ని మెత్తబరచడం కూడా ఆరాధనకు చేసిన సేవే. కథ చెప్పే కిటికీలే కావాలనుకునే సంఘానికి మన మెదక్ చర్చి దారి చూపుతుంది. 1924లో ప్రారంభమైన ఆ చర్చికి ఆరోహణం, జననం, సిలువ దృశ్యాల కిటికీలు తర్వాతి దశాబ్దాల్లోనే ఒక్కొక్కటిగా చేరాయి. కట్టిన తర్వాత గాజు చేర్చడం సంప్రదాయానికి విరుద్ధమేమీ కాదు.

ఖర్చు, ఎండ, మరమ్మతుల గురించిన భయంలో మాత్రం నిజముంది. కాంక్రీటులోనో రెసిన్‌లోనో పొదిగిన మందపాటి గాజు ఎండకు ఒకలా, దాని చుట్టూ ఉన్న పదార్థం మరోలా వ్యాకోచిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు వచ్చి వాన నీరు దిగవచ్చు. అందుకే విప్పి బాగుచేసుకోగల చట్రాలు, బయట గాలి ఆడే సందుతో రక్షణ గాజు, వేడి పోవడానికి తెరుచుకునే వెంటిలేటర్లు ముందే ప్లానులో ఉండాలి. అన్ని కిటికీలూ మార్చనక్కర్లేదు. సరైన దిక్కున ఒక్కటి చాలవచ్చు. ఆ దిక్కు తెలియాలంటే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెలుగు ఎలా పడుతుందో చూడాలి. కాబట్టి మరమ్మతు తలపెట్టిన సంఘాలు గాజు కళాకారుణ్ని ఇంజినీరుతో పాటు మొదటి సమావేశానికే పిలవాలి.