ఆలస్యమును కొలిచిన యంత్రము

అమెరికాయందలి కేంబ్రిడ్జి నగరమున బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అను సంస్థలో, 1969వ సంవత్సరారంభమున, ఫ్రాంక్ హార్ట్ నాయకత్వము వహింపగా కొలదిమంది ఇంజనీర్లు ఒక నూతన యంత్రనిర్మాణమునకు పూనుకొనిరి. విశ్వవిద్యాలయముల కంప్యూటర్లను టెలిఫోను లైనులతో కలుపదలచిన ఆర్పా అను రక్షణశాఖా పరిశోధనసంస్థ వారికి విధించిన నియమములలో మిక్కిలి కఠినమైనది కాలనియమము: సందేశము గమ్యమును చేరుటకు పట్టు కాలము సగటున అర సెకనుకు మించరాదు.

విద్యుత్సంకేతము తీగవెంట మహావేగమున పరుగెత్తును గదా, ఆలస్యమెక్కడిదని చదువరి అడుగవచ్చును. అది దారిలోకంటె మజిలీలయందే అధికము. నాటి లైనులు సెకనునకు 50,000 బిట్లను మాత్రమే మోయగలవు. 8,000 బిట్ల సందేశమును ప్రతి మజిలీయు సాంతముగా స్వీకరించి పిమ్మట ముందునకు పంపు పక్షమున, ఒక్కొక్క లైనునకు 160 మిల్లీసెకనులు వ్యయమై, నాలుగు లైనులు దాటునప్పటికే గడువు మించిపోవును. దానినే వేయేసి బిట్ల ప్యాకెట్లుగా ఖండించినచో, రెండవ ప్యాకెట్టు వెనుక వచ్చుచుండగనే మొదటిది ముందునకు సాగిపోవును గనుక, తక్కిన స్వల్పవ్యయములను విడిచి లెక్కించిన ఎడల, ఆ నాలుగు లైనుల ప్రయాణమే 220 మిల్లీసెకనులలో ముగియును.

ఈ మజిలీపనిని పెద్ద కంప్యూటర్ల నెత్తిన రుద్దక, ప్రత్యేకముగా చిన్న కంప్యూటర్లకు అప్పగింపవలెనని 1967లో సూచించినవాడు వెస్లీ క్లార్క్. ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్, క్లుప్తముగా ఇంప్, అట్లు పుట్టినది. హనీవెల్ డీడీపీ-516 అను యంత్రమే దాని దేహము. జ్ఞాపకశక్తి పదునారు బిట్ల పదములు సుమారు పండ్రెండు వేలు. ఇంత కొంచెపు సాధనముతో పని నెగ్గించిన నేర్పు ఎట్టిదనగా, సెవెరో ఆర్న్‌స్టీన్ పర్యవేక్షణలో సిద్ధమైన విద్యుద్వలయములు వచ్చిన బిట్లను తిన్నగా జ్ఞాపకములో చేర్చుచు, దోషపరీక్షకు వలయు ఇరువదినాలుగు బిట్ల లెక్కను సైతము తామే కట్టుచుండగా, ప్యాకెట్టు పూర్తియైన పిదపనే ప్రోగ్రామునకు పిలుపు వచ్చెడిది. ఆ ప్రోగ్రామును విల్ క్రౌథర్, డేవ్ వాల్డెన్, బెర్నీ కోసెల్ వ్రాసిరి. ప్యాకెట్టు ఒక్కింటికి సుమారు 150 ఆదేశములు చాలునని వారు తేల్చిరి. ఆదేశమునకు రెండు మైక్రోసెకనులు పట్టుననుకొన్నను అది మిల్లీసెకనులో మూడవ వంతైనను కాదు. ఇరువది మిల్లీసెకనులు లైనుపై గడపవలసిన ప్యాకెట్టునకు ఇదియొక నిరీక్షణమే కాదు. వేగవంతమైన యంత్రమును కొనుటకంటె చేయనక్కరలేని పనిని తొలగించుట మేలని నా అభిప్రాయము.

మొదటి ఇంప్ 1969 ఆగస్టు చివర లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును చేరెను. అక్టోబరు 29న అచ్చటనుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థకు ‘లాగిన్’ అను మాటను పంపబోగా రెండక్షరములే అందినవి. ఆ అపకీర్తి ఇంపునకు అంటరాదు, కూలినది ఆవలి పెద్ద కంప్యూటరు.

ఇంపునకు సొంతలోపము లేకపోలేదు. ఏ దారి శీఘ్రమైనదో నిర్ణయించుటకు అది లైనులకడ వేచియున్న ప్యాకెట్ల వరుస పొడవును చూచి ఆలస్యమును ఊహించెడిది. నెట్‌వర్కు పెరిగినకొలది ఆ ఊహ తప్పుదారి పట్టింపసాగెను. 1979లో దానిని విడిచి, ప్రతి ప్యాకెట్టు వచ్చిన క్షణమును, వెడలిన క్షణమును గుర్తించి, నిజమైన జాప్యమునకు పది సెకనుల సగటు కట్టి తక్కిన ఇంపులన్నిటికి తెలుపు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఈ మార్పు పదేండ్లు ముందే జరిగియుండవలసినది.