నేల లోపలి నీటికి లెక్క

నెల్లూరికి తూర్పున, ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రతీరమునకు పోవువారికి వరిచేలును, రొయ్యల చెరువులును కనబడును. కంటికి కనబడనిది వేరొకటి గలదు. పెన్న అనాదిగా తెచ్చి పోసిన ఇసుక పొరలలో మంచినీరు నిలిచి, మెల్లమెల్లగా సముద్రము వైపు సాగుచుండును. దాని అడుగున సముద్రపు ఉప్పునీరు ఎదురొత్తుచుండును. ఈ రెంటి పోరులో ఏది గెలుచునో ముందుగా లెక్కింపవచ్చునా? ఆ సంగతినే ఇచ్చట వివరింపదలచితిమి.

మంచినీరు 1000 పాళ్లు తూగినచో సముద్రజలము సుమారు 1025 పాళ్లు తూగును. ఈ స్వల్ప భేదమును పట్టుకొని హాలెండులో బాడన్ ఘైబెన్, పిదప 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ ఒకే సూత్రమును రాబట్టిరి. నీరు నిలుకడగా నున్నప్పుడు, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరే యుండును. అనగా, అధికముగా తోడుట వలన మట్టము ఒక అడుగు తగ్గినచో, కాలక్రమమున ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు.

అయితే ఎంత తోడినచో, ఎన్నేండ్లకు, ఏ ఊరి బోరు ఉప్పెక్కును? ఇది చేతిలెక్కకు లొంగదు. ఇచ్చటనే కంప్యూటరు అక్కరకు వచ్చును. నేలను చదరంగపు బల్లవలె గళ్లుగా, లోతున పొరలుగా విభజించి, ప్రతి గడికిని జమాఖర్చు వ్రాయుదురు. వానవలనను, కాలువలవలనను ఇంకిన నీరు జమ. బోర్లు తోడినదియు, సముద్రమున గలిసినదియు ఖర్చు. రొయ్యల చెరువులనుండి ఇంకు ఉప్పునీటిని గూడ మరువరాదు. ఒక గడినుండి మరియొక గడికి ఎంత నీరు పారునో తెలుపు సూత్రము, 1856లో ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టములలో నీరు పారించి కనుగొన్నదే. 1984లో అమెరికా జియొలాజికల్ సర్వే వెలువరించిన ‘మాడ్‌ఫ్లో’ ఇట్టి లెక్కలకు ప్రసిద్ధము. ఉప్పునీటి బరువును గూడ లెక్కించు ప్రోగ్రాములును గలవు.

కాని కంప్యూటరు భూమిలోనికి చూడజాలదు. మన మిచ్చు కొలతలే దానికి కన్నులు. గడచిన యేండ్ల బావిమట్టములను ముందుగా అది సరిగా చూపవలెను. చూపనిచో, ఇసుక పొరలను గూర్చిన మన ఊహను సవరింపవలెను. పిమ్మటనే రాబోవు కాలమును గూర్చి దానిని అడుగదగును.

ఒకసారి ఉప్పెక్కిన పొర మరల తియ్యనగుటకు ఎన్నో వర్షాకాలములు పట్టును. కావున తీరమున బావులు గల పాఠకులను మేమొకటి కోరుచున్నాము. వానలు వెనుదీసిన సంక్రాంతి నాడును, ఎండలు ముదిరిన వేసవిలోను త్రాటికి బరువు గట్టి నీటిమట్టము కొలిచి, రుచితో గూడ తేదీవేసి వ్రాసి ఉంచుడు. ఏ యంత్రమును ఆ పుస్తకమునకు సాటిరాదు.