హోప్ ఐలాండ్‌కు మంజీర బాకీ

కామారెడ్డి, ఎల్లారెడ్డి వాసులకు సముద్రం ఆమడల దూరం. అయినా కాకినాడ ఎదుట బంగాళాఖాతంలో ఉన్న హోప్ ఐలాండ్ గతి ఏమవుతుందో తేల్చాలంటే వాళ్ల దగ్గర మంజీర నది మీద కట్టిన నిజాంసాగర్ జలాశయం పేరు ఎత్తక తప్పదు.

కాకినాడ నుంచి పర్యాటకులు పడవల్లో వెళ్లే ఈ దీవి ఉత్త ఇసుక తిన్నె. గోదావరి గౌతమీ పాయ తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి ఈడ్చుకుపోగా రెండు వందల ఏళ్లలో పేరుకున్నది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఎత్తు చెప్పుకోదగ్గది కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి. తుఫాను అలల దెబ్బను కాకినాడ కంటే ముందు కాచుకునేదీ ఇదే.

ఇలాంటి చోట ముప్పును కొలవడానికి తీర దుర్బలత్వ సూచీ అనే పద్ధతి ఉంది. తీరాన్ని ముక్కలు చేసి, నేల తీరు, వాలు, తీరరేఖ జరిగే వేగం, అలల ఎత్తు, ఆటుపోట్ల తేడా, సముద్రమట్టం పెరుగుదల వంటి అంశాలకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మార్కులన్నీ గుణించి, అంశాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తారు. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) 2012లో దేశ తీరమంతటికీ ఇలాంటి పటాలు వెలువరించింది. లెక్క తేలికే, తగవంతా మార్కుల దగ్గరే. ఆటుపోట్ల తేడా ఎక్కువైతే ముప్పని కొందరంటే, తక్కువైతేనే ముప్పని అమెరికా భూగర్భ సర్వే వాదన. తేడా తక్కువైన చోట నీరు ఎప్పుడూ పోటు మట్టానికి దగ్గరగానే ఉంటుంది మరి!

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2008లో 1,030 కిలోమీటర్ల ఆంధ్ర తీరాన్ని ఐదు అంశాలతో పరీక్షించింది. అందులో 43 శాతం అతి తీవ్ర ముప్పులో ఉందని తేల్చింది.

ఉత్తర హిందూ మహాసముద్రం 1993–2015 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఇసుక అందుతూ ఉంటే తిన్నె ఈ పెరుగుదలను కొంతవరకు తట్టుకోగలదు. అందడం లేదన్నదే చిక్కు. 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976–2001 మధ్య డెల్టా అంచున 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల సముద్రం పాలైంది.

ఆ మట్టి ఎక్కడ ఆగిందో ఎల్లారెడ్డి రైతుకు తెలుసు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ సామర్థ్యం మొదట్లో 29.7 టీఎంసీలు. పూడిక పేరుకుని 1970ల నాటికి 12 టీఎంసీల లోపుకు దిగింది. నీటిమట్టం పెంచాక 17.8కి చేరింది. ఒకవేళ మంజీర మట్టి ఈ కట్ట దాటినా, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిశాక శ్రీరాంసాగర్‌లో చిక్కుతుంది. తప్పంతా నిజాంసాగర్‌దే అనడం అన్యాయం; అది లక్షల ఎకరాలకు నీళ్లిచ్చింది. జాయక్వాడి, సింగూరు వంటి జలాశయాలకూ ఇందులో వాటా ఉంది.

మళ్లీ సూచీ సంగతికొస్తే, తీరరేఖ జరిగే వేగానికి వేసే మార్కు గడచిన దశాబ్దాలను చూసి వేసేది. ఇసుక పుష్కలంగా వచ్చిన రోజుల్లో ఉత్తరాన సాగిన దీవికి ఆ గడిలో మంచి మార్కే పడవచ్చు. అందుకే సూచీలో నది తెచ్చే ఒండ్రుకూ ఒక గడి ఉండాలి. దానికి కొత్త పరికరాలేవీ అక్కర్లేదు. గోదావరిపై పోలవరం వద్ద కేంద్ర జల సంఘం ఒండ్రును ఎప్పటినుంచో కొలుస్తూనే ఉంది.