కంటికి ఆనని ఆనవాళ్లు

మైక్రోడాట్ అంటే ఇసుక రేణువంత చుక్క. వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు, కొన్ని రకాల్లో అంతకన్నా తక్కువ. ప్రతి చుక్క మీదా ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇలాంటి వేల చుక్కలను జిగురులో కలిపి వాహనం ఇంజను మీద, ఛాసిస్ మీద, ఇతర భాగాల మీద పిచికారీ చేస్తారు. అతినీలలోహిత కాంతిలో ఆ పూత మెరుస్తుంది. సంఖ్య చదవడానికి భూతద్దం కావాలి.

దొంగ బండిని విప్పి విడిభాగాలుగా అమ్మేవారికి ఇదే చిక్కు. ఛాసిస్ నంబరు గీకేయడం తేలిక. ఎక్కడెక్కడ అంటుకున్నాయో తెలియని చుక్కలన్నిటినీ ఏరిపారేయడం దాదాపు అసాధ్యం. దక్షిణాఫ్రికాలో 2012 సెప్టెంబరు నుంచి కొత్త వాహనాలకు ఇవి తప్పనిసరి. భారత రోడ్డు రవాణా శాఖ కూడా వీటికి అవకాశమిస్తూ 2019లో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది.

మరి గోప్యత మాటేమిటి? ఈ చుక్క ఏ సంకేతమూ పంపదు కాబట్టి బండి జాడ బయటపెట్టలేదు. జాగ్రత్త పడాల్సింది సంఖ్యను యజమాని పేరుతో ముడిపెట్టే డేటాబేసు విషయంలోనే. బండి చేతులు మారినా అందులో పాత పేరే ఉండిపోతే చిక్కుల్లో పడేది అమాయకుడే.

ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పుల తీరు వేరు. ఫాస్టాగ్ ఈ జాతిదే. వీటిని రేడియో తరంగాలతో దూరం నుంచే, యజమానికి తెలియకుండానే చదవొచ్చు. 2003లో ఇటలీ సంస్థ బెనెటన్ దుస్తుల్లో ఇలాంటి చిప్పులు పెడతారన్న వార్తతో బహిష్కరణ పిలుపులు వచ్చాయి, సంస్థ వెనక్కి తగ్గింది. సరుకులకు అంటించే నేటి ట్యాగుల ప్రమాణంలో చిప్పును శాశ్వతంగా మూగబోయేలా చేసే ఆదేశం ఉంది. అమ్మాక దాన్ని వాడాలా వద్దా అన్నది మాత్రం దుకాణం చేతిలోనే ఉంటుంది.