హోటళ్ళ స్థిరాస్తి ట్రస్టులు: పెట్టుబడి ఎక్కడిది, మిగులు ఎవరికి?

అమెరికాలో మారియట్, వెస్టిన్, హయత్ బోర్డులు కనిపించే పెద్ద హోటళ్ళలో చాలా వాటికి ఆ కంపెనీలు యజమానులు కావు. స్థలము, భవనము ఒకరివి. బోర్డు, నడిపే పని మరొకరివి. ఇటువంటి సొంతదారులలో అగ్రగణ్యమైనది హోస్ట్ హోటల్స్ అండ్ రిసార్ట్స్. మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా దీని కేంద్రం. సుమారు 80 హోటళ్ళు, 40 వేలకు పైబడిన గదులు దీని అధీనంలో ఉన్నాయి. అయినా తన పేరుతో బోర్డు కట్టి ఒక్క హోటలు కూడా నడపదు. దీనిని స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టు అంటారు. బజారులో వాడుక పేరు రీట్.

2019 నుంచి మన షేరు బజారులోనూ రీట్ యూనిట్ల బేరాలు జరుగుతున్నాయి. ఆఫీసు భవనాల ట్రస్టులో అద్దె ఏళ్ళ తరబడి ఒప్పందం మీద వస్తుంది గనుక లెక్క తేలిక. హోటలు సంగతి అలా కాదు. అక్కడ అద్దె ప్రతి రాత్రీ కొత్తగా కుదరాలి. గుంటూరులో మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజిలో పెట్టి ధర కోసం ఆరు నెలలు ఆగవచ్చు. నిన్న రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని మాత్రం ఈ రోజు ఏ ధరకూ అమ్మలేరు. హోటళ్ళ ట్రస్టులో డబ్బు పెట్టేవారు మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఇదే.

ఈ ట్రస్టుల చట్టం అమెరికాలో 1960లో వచ్చింది. అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దానిపై సంతకం చేశారు. చిన్న మదుపుదారుకు కూడా పెద్ద భవనాలలో వాటా దొరకాలన్నది ఉద్దేశం. షరతులు స్థూలంగా ఇవి: వాటాదారులు కనీసం 100 మంది ఉండాలి, వాటాలలో సగానికి మించి అయిదుగురి చేతిలో ఉండకూడదు, ఆస్తిలోనూ, రాబడిలోనూ ముప్పాతిక వంతు స్థిరాస్తికి సంబంధించినదై ఉండాలి, పన్నుకు లోబడే ఆదాయంలో నూటికి 90 వంతులు ఏటా వాటాదారులకు పంచిపెట్టాలి. ఈ 90ని మధ్యలో 95 చేసి, 2001 నుంచి మళ్ళీ 90కి దించారు. షరతులు పాటించినంత కాలం, పంచిన మొత్తంపై కంపెనీ స్థాయిలో ఆదాయపు పన్ను ఉండదు. పన్ను కట్టవలసింది పుచ్చుకున్న వాటాదారు. పేరు ట్రస్టే గాని, హోస్ట్ వంటివి నిజానికి డైరెక్టర్ల బోర్డు, షేర్లు గల మామూలు కంపెనీలే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆఫీసు అద్దెను చట్టం అద్దెగా అంగీకరిస్తుంది. హోటలు గది కిరాయిని అంగీకరించదు. పక్క వేయడం, గది ఊడ్వడం, టిఫిను పంపడం ఇవన్నీ సేవలు, వ్యాపారం. ఆ రాబడి నేరుగా ట్రస్టు ఖాతాలో పడితే ముప్పాతిక వంతు షరతు తప్పి పన్ను మినహాయింపు పోతుంది. అందువల్ల ట్రస్టు తన హోటలును ఎవరో ఒకరికి కౌలుకు ఇవ్వక తప్పలేదు. ఆ కౌలు నికర లాభంలో వంతుగా ఉండకూడదని మరొక నిబంధన. మొత్తం అమ్మకాలలో వంతుగా ఉండవచ్చును. రైతుకు ఖర్చులు ఎంతైనా, భూస్వామికి కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చే పద్ధతి వంటిదే ఇది.

హోస్ట్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1992 అక్టోబరులో మారియట్ కార్పొరేషన్ తనను తాను రెండుగా చీల్చుకోబోతున్నట్టు ప్రకటించింది. హోటళ్ళు నడిపే లాభసాటి పని మారియట్ ఇంటర్నేషనల్‌కు. భవనాలు, వాటితోపాటు అప్పులలో అధిక భాగం హోస్ట్ మారియట్‌కు అన్నది పథకం. ప్రకటన వెలువడగానే షేరు పెరిగింది, బాండ్ల ధర పడిపోయింది. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి 40 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చి బాండ్లు కొన్నవారు కోర్టుకు ఎక్కారు. వారు బలమైన కంపెనీని చూసి అప్పు ఇస్తే, చివరకు చేతికి చిక్కింది ఇటుకలూ వడ్డీ భారమూ గల కంపెనీ. 1993 అక్టోబరులో చీలిక పూర్తయింది. బాండు కొనేవారు పత్రంలోని షరతులను అక్షరం అక్షరం చదవాలని పెద్దలు చెప్పేది ఇటువంటి సందర్భాలకే.

హోస్ట్ 1999 జనవరి 1 నుంచి రీట్‌గా మారింది. హోటళ్ళను క్రెస్ట్‌లైన్ అనే వేరు కంపెనీకి కౌలుకు ఇచ్చింది. అయితే బేరం బాగున్న రోజుల్లో కౌలు పోగా మిగిలిన లాభం కౌలుదారు జేబులోకి పోతుంది గదా! భవనం తమది, నష్టభయం తమది, పై లాభం పరాయివారిది అన్న గొణుగుడు వాటాదారులలో ఉన్నది. 1999లో చట్టాన్ని సవరించి 2001 నుంచి దీనికి దారి చూపారు. దాని ప్రకారం ట్రస్టు తన సొంత అనుబంధ కంపెనీకే హోటలును కౌలుకు ఇవ్వవచ్చు. ఆ అనుబంధ కంపెనీ మాత్రం అందరిలాగే ఆదాయపు పన్ను కట్టాలి. హోటలును అది స్వయంగా నడపరాదు. బయటి నిర్వాహకునికి అప్పగించాలి. 2001 ఆరంభంలోనే హోస్ట్ తన అనుబంధ సంస్థ ద్వారా క్రెస్ట్‌లైన్ కౌళ్ళను కొనివేసింది.

కనుక నేటి ఏర్పాటులో డబ్బు నడక ఇలా ఉంటుంది. బస చేసినవాడు ఇచ్చిన కిరాయి అనుబంధ కంపెనీకి వస్తుంది. అందులోంచి జీతాలు, కరెంటు, సరుకుల ఖర్చు పోతాయి. నిర్వాహకునికి సాధారణంగా అమ్మకాలపై 3 శాతం దరిదాపు రుసుము, లాభం ఒక స్థాయి దాటితే అదనపు ప్రోత్సాహకం ముడతాయి. మంచాలు, తివాచీలు, లిఫ్టులు మార్చడానికి 4, 5 శాతం వేరు నిధిగా తీసిపెడతారు. తరువాత కౌలు ట్రస్టుకు చేరుతుంది. ట్రస్టు వడ్డీలు కట్టుకుని మిగిలింది పంచుతుంది. నిర్వాహకుని రుసుము అమ్మకాల మీద గనుక, సొంతదారుకు చిల్లిగవ్వ మిగలని ఏడు కూడా అతనికి ఎంతో కొంత ముడుతుంది. అడితి వ్యాపారం తెలిసినవారికి ఇది కొత్త కాదు. సరుకు ధర పడినా అడితిదారు కమీషను ఆగదు.

ఇక పెట్టుబడి సంగతి. ఆదాయంలో 90 వంతులు పంచవలసిన సంస్థకు సొంత నిల్వ పెరగదు. తరుగుదల కింద ఖాతాలో రాసిన మొత్తం రొక్కంగా బయటకు పోదు గనుక అది చేతిలో మిగులుతుంది. ఆ సొమ్ము చాలావరకు మరమ్మతులకే సరి. కొత్త హోటలు కొనాలంటే కొత్త షేర్లు అమ్మాలి, లేదా అప్పు చేయాలి, లేదా పాత హోటలు అమ్మాలి. ఇవిగాక ఇంకొక మార్గం ఉన్నది. హోస్ట్ ఆస్తులన్నీ ఒక భాగస్వామ్య సంస్థ పేరిట ఉంటాయి. ఆ భాగస్వామ్యంలో దాదాపు అంతా హోస్ట్ కంపెనీదే. హోటలు యజమాని ఎవరైనా తన భవనాన్ని ఈ భాగస్వామ్యానికి ఇచ్చి, రొక్కానికి బదులు యూనిట్లు తీసుకోవచ్చు. రొక్కానికి అమ్మితే లాభంపై అప్పుడే పన్ను పడుతుంది. యూనిట్లుగా తీసుకుంటే పన్ను వాయిదా పడుతుంది. 1998 చివర బ్లాక్‌స్టోన్ సంస్థ హోటళ్ళు కొన్ని ఈ పద్ధతిలోనే హోస్ట్ చేతికి వచ్చాయి.

అప్పులో రెండు జాతులు. ఒకటి, మొత్తం సంస్థ పరపతి మీద తీసుకునే తాకట్టు లేని బాండ్లు, బ్యాంకు పరిమితులు. రెండవది, ఫలానా హోటలును తాకట్టు పెట్టి తెచ్చే రుణం. ఎంత అప్పు ఉంటే మంచిదన్నది లెక్క వేస్తే గాని తెలియదు. ఒక హోటలు అమ్మకాలు 100 అనుకుందాం. నడిపే ఖర్చు 65, నిర్వాహకునికి 3, మార్పుల నిధికి 5, ఆస్తి పన్నుకు బీమాకు 5 పోగా 22 మిగులుతుంది. వడ్డీ 8 అయితే వాటాదారుకు 14. గిరాకీ తగ్గి అమ్మకాలు 80కి పడ్డాయి. జీతాలు వెంటనే తగ్గవు గనుక ఖర్చు 57 దగ్గర ఆగుతుంది. నిర్వాహకునికి 2.40, నిధికి 4, పన్ను బీమాలకు అదే 5. మిగిలింది 11.60. వడ్డీ పోగా 3.60. అమ్మకాలు అయిదింట ఒక వంతు తగ్గితే వాటాదారు భాగం నాలుగింట మూడు వంతులు తగ్గిందన్నమాట. వడ్డీయే 12 అయి ఉంటే చేతి సొమ్ము ఎదురు పెట్టుకోవలసి వచ్చేది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2008 నాటి సంక్షోభం తరువాత హోస్ట్ 2009 చివరి డివిడెండులో రొక్కాన్ని 10 శాతానికి పరిమితం చేసి, మిగతాది షేర్లుగా ఇచ్చింది. పన్ను శాఖ అప్పట్లో ఇందుకు వీలు కల్పించింది. షేర్లు పుచ్చుకున్నవారు పన్ను మాత్రం రొక్కంలోనే కట్టుకోవలసి వచ్చింది. 2020లో కోవిడ్ దెబ్బకు హోటళ్ళు మూతపడినప్పుడు, మార్చి నెలలో 150 కోట్ల డాలర్ల బ్యాంకు పరిమితిని వాడుకుని రొక్కం దగ్గర పెట్టుకున్నది. మొదటి త్రైమాసికం తరువాత డివిడెండు ఆపేసింది. మళ్ళీ 2022లో షేరుకు 3 సెంట్లతో మొదలుపెట్టింది. అప్పు మితంగా ఉన్నది గనుక సంస్థ నిలిచింది. నెలనెలా డివిడెండు మీద ఇల్లు గడుపుకునేవారికి మాత్రం ఆ రెండేళ్ళు గడ్డుకాలమే.

తాకట్టు రుణం స్వభావం వేరు. 2023 జూనులో పార్క్ హోటల్స్ అనే మరొక ట్రస్టు శాన్‌ఫ్రాన్సిస్కోలోని రెండు హోటళ్ళపై ఉన్న 72.5 కోట్ల డాలర్ల రుణానికి వాయిదాలు కట్టడం మానివేసింది. వాటిలో ఒకటి 1,921 గదుల హిల్టన్. రెండవది 1,024 గదుల పార్క్ 55. ఆ ఊరి గిరాకీ కోలుకోవడానికి చాలా కాలం పడుతుందని తేల్చుకుని భవనాలనే వదులుకోవడానికి సిద్ధపడింది. అదే ఏడు అక్టోబరులో కోర్టు రిసీవరును నియమించింది. ఆ రుణానికి హామీ ఆ రెండు హోటళ్ళే. ట్రస్టుకు చెందిన మిగతా హోటళ్ళ జోలికి రుణదాతలు రాలేరు. తాకట్టు రుణం ప్రమాదకరమని సాధారణ అభిప్రాయం. ఈ వ్యవహారంలో నష్టం రెండు భవనాల దగ్గరే ఆగిపోవడానికి కారణం కూడా ఆ తాకట్టే.

మన దేశంలో సెబీ నిబంధనలు 2014లో వచ్చాయి. ఇక్కడ ఇది నిజంగానే ట్రస్టు: ట్రస్టీ, మేనేజరు, స్పాన్సరు వేరువేరు. విలువలో 80 శాతం పూర్తయి రాబడి ఇస్తున్న ఆస్తులలో ఉండాలి. పంచదగిన రొక్కంలో 90 శాతం పంచాలి. అప్పు ఆస్తి విలువలో 49 శాతం మించరాదు. 25 శాతం దాటితే యూనిట్‌దారుల అనుమతి అవసరం. అమెరికా చట్టంలో ఇటువంటి అప్పు పరిమితి లేదు. 2019 ఏప్రిల్‌లో లిస్టయిన ఎంబసీ మన మొదటి రీట్. బెంగుళూరులోని ఫోర్ సీజన్స్ హోటలు దానిదే గాని, దాని రాబడిలో సింహభాగం ఆఫీసు అద్దెలు. హైదరాబాదు మాదాపూర్ భవనాలు గల మైండ్‌స్పేస్ 2020లో లిస్టయింది. 2021 సవరణ తరువాత బజారులో ఒక్క యూనిట్ అయినా కొనవచ్చు. కొనేవారు పత్రాలలో హోటళ్ళ రాబడిని, ఆఫీసుల రాబడిని వేరువేరుగా చూపే పట్టిక ఉంటుంది, దానిని ముందు చూసుకోవడం మంచిది.