టోక్యో శిథిలాల్లో వాసుకి

బాలి దీవి గాథల్లో రంగ్డా భయంకరమైన మంత్రగత్తె. బరోంగ్ ఆమెను ఎదిరించే సింహరూపుడు. 2003లో జపాన్‌లో వచ్చిన ‘షిన్ మెగామి టెన్సెయ్: నాక్టర్న్’ అనే వీడియో గేమ్‌లో ఈ ఇద్దరినీ కలిపితే శివుడు పుడతాడు! పురాణాలు తెలిసిన తెలుగువాడికి ఇది మింగుడుపడని లెక్క. ఆ గేమ్ అభిమానులకు మాత్రం పెద్ద విజయం. రంగ్డానీ బరోంగ్‌నీ సంపాదించడానికి వాళ్లు గంటల తరబడి శ్రమపడతారు.

ఈ మెగామి టెన్సెయ్ గేముల పుట్టుక 1987 నాటిది. నిషితాని అయా రాసిన నవల ఆధారంగా అట్లస్ సంస్థ మొదటి గేమ్ తయారుచేసింది. ‘డ్రాగన్ క్వెస్ట్’ 1986లో, ‘ఫైనల్ ఫాంటసీ’ 1987లో వచ్చి జపాన్ పిల్లలను కట్టిపడేస్తున్న రోజులవి. వీటన్నిటినీ రోల్ ప్లేయింగ్ గేములంటారు. ఆడేవాళ్లు కథలో ఒక పాత్ర అయిపోతారు. ఊళ్లు తిరుగుతారు, తోడును కూడగట్టుకుంటారు, పోరాడే కొద్దీ బలం పెంచుకుంటారు. మెగామి టెన్సెయ్ తెచ్చిన కొత్తదనమల్లా ఆ తోడు ఎవరన్న దాంట్లోనే ఉంది. ప్రపంచంలోని సకల మతాల దేవతలు, దెయ్యాలు, యక్షులు, భూతాలు ఇందులో ఎదురుపడతారు. వాళ్లతో పోరాడవచ్చు, బేరమాడి తమవైపు తిప్పుకోవచ్చు, ఇద్దరిని కలిపి మూడోవాణ్ని పుట్టించవచ్చు.

2021 నవంబరులో వచ్చిన ‘షిన్ మెగామి టెన్సెయ్’ ఐదో గేమ్‌లో కథానాయకుడు టోక్యోలో చదువుకునే హైస్కూలు కుర్రాడు. ఒక సొరంగంలో ప్రమాదం జరుగుతుంది. కళ్లు తెరిచేసరికి చుట్టూ ఇసుకదిబ్బలు, కూలిన భవనాలు. అవోగామి అనే శక్తితో ఏకమై, నీలి జుట్టు వీరుడిగా మారి, దేవతలు సింహాసనం కోసం కొట్టుకుంటున్న ఆ లోకంలో దారి వెతుక్కుంటాడు.

ఈ గేమ్ ప్రాణం యుద్ధంలో ఉంది. నలుగురి జట్టు పోరాడేటప్పుడు జట్టుకు నాలుగు వంతులు ఉంటాయి. ఎదుటివాడికి నిప్పంటే పడదని కనిపెట్టి నిప్పుతో కొడితే వంతులో సగమే ఖర్చవుతుంది. అలా గురిచూసి కొడుతూ పోతే నాలుగు వంతులు ఎనిమిదవుతాయి. దెబ్బ తప్పితే రెండు వంతులు పోతాయి. నిప్పును తాగేసేవాడి మీద నిప్పు విసిరితే మిగిలినవన్నీ ఒక్కసారిగా గల్లంతు. శత్రువుకూ ఇవే నియమాలు. అందుకే చిన్న భూతం కూడా ఏమరుపాటున ఉన్న జట్టును రెండు నిమిషాల్లో మట్టికరిపిస్తుంది. గుడి అరుగుల మీద గీసి ఆడే పులిజూదంలో ఒక్క తప్పుడు ఎత్తుకు పులి ఎలా చిక్కుకుపోతుందో, ఇక్కడా అంతే. వేలి వేగంతో పనిలేదు, ఆలోచన కావాలి. యాక్షన్ గేములు చేతకావని దూరంగా ఉండే పెద్దవాళ్లు కూడా ఆడగలిగేది అందుకే.

భూతాలతో బేరం మరో వినోదం. డబ్బు అడుగుతాయి, వస్తువులు అడుగుతాయి, తిక్క ప్రశ్నలు వేస్తాయి. అన్నీ పుచ్చుకుని చెప్పాపెట్టకుండా పారిపోయేవీ ఉన్నాయి.

ఇక లోపాలు. 2021 గేమ్‌లో స్థాయిల తేడాకు మితిమీరిన విలువ ఇచ్చారు. శత్రువు నాలుగైదు స్థాయిలు పైన ఉంటే ఎంత మంచి వ్యూహమైనా నీరుగారిపోతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి చిన్నవాటిని కొట్టి బలం పెంచుకోవడం తప్ప దారి లేదు. బుద్ధికి పట్టం కట్టిన ఆట, ఇక్కడ తన సూత్రాన్ని తానే కాదంటుంది. కథ కూడా బక్కచిక్కింది. హీరో తోటి విద్యార్థులు అడపాదడపా కనిపించి నాలుగు మాటలు చెప్పి మాయమవుతారు. వాళ్లకు ఏ ఆపద వచ్చినా మనసు చలించదు. అప్పట్లో నింటెండో స్విచ్‌ మీద మాత్రమే వచ్చిన ఈ గేమ్‌ను ఆ యంత్రం మోయలేక బొమ్మలు తడబడేవి.

2024 జూన్‌లో వచ్చిన ‘వెంజెన్స్’ రూపం వీటిలో కొన్నింటిని సరిదిద్దింది. కంప్యూటర్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకూ విస్తరించింది. పాత కథతో పాటు యోకో హిరోమినె అనే అమ్మాయి ప్రధానంగా సాగే కొత్త కథను చేర్చింది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆట భద్రపరుచుకునే వీలు కల్పించింది.

సరిదిద్దనిది ఒకటుంది. తెలుగువాళ్లకు ముఖ్యమైనదీ అదే. ఈ గేమ్‌లో వాసుకి ఒక ప్రధాన శత్రువు. గ్రీకుల జ్యూస్, ఉత్తర ఐరోపా ఓడిన్‌లతో సమానంగా నిలబడతాడు. పాల్కడలిని చిలికినప్పుడు కవ్వానికి తాడైన నాగరాజు జ్యూస్‌తో పోటీకి ఎందుకు వచ్చాడో, అతని బాధేమిటో గేమ్ దాదాపు పట్టించుకోదు. శివుడితో పోరాటం మొత్తం గేమ్‌లోనే అతి కఠినమైన వాటిలో ఒకటి. ఆ శివుడి వెనక కూడా కథ చాలా పలచన. ‘ఫైనల్ ఫాంటసీ’ అయితే మరీ దూరం పోయింది. 1990 నాటి మూడో భాగం నుంచి అందులో శివ అంటే మంచు కురిపించే స్త్రీ. పేరు తీసుకున్నారు, ఆ పేరు మోసే కథను వదిలేశారు. అన్ని మతాలనూ ఒకే చూపుతో చూడటంలో జపాన్ వాళ్ల దురుద్దేశం ఏమీ లేదు. అయినా లోతు లేకపోవడం లోతు లేకపోవడమే.

ఆ లోతు ఎలా ఉంటుందో చూడాలంటే ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళితే చాలు. ఒకే నరసింహుడు అక్కడ తొమ్మిది రూపాల్లో కొలువున్నాడు. జ్వాలా నరసింహుడిది ఉగ్రరూపం, మాలోలుడు లక్ష్మీసమేతుడు, యోగానందుడు ప్రశాంతుడు. చెంచులు ఆయన్ను తమ అల్లుడంటారు. కొండ, వాగు, అడవి, తొమ్మిది గుళ్లు, ఒక్కొక్కదానికి ఒక్కో కథ. రోల్ ప్లేయింగ్ గేమ్‌కు ఇంతకన్నా సిద్ధమైన లోకం ఏముంటుంది? దేవతామూర్తికి ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం అన్నది తరతరాలుగా తెలిసిన శిల్పులు ఆళ్లగడ్డలోనే ఉన్నారు.

తెలుగు నేల మీద ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. దేవుణ్ని ఆటబొమ్మ చేశారని విదేశాల్లోని కొందరు హిందువులు అభ్యంతరం చెప్పారు. ఆటగా కూడా అది మెప్పించలేకపోయింది. 2017లో అదే నగరం నుంచి ఓగర్ హెడ్ స్టూడియో పురాణాల స్ఫూర్తితో ‘అసుర’ తెచ్చింది. అదీ వేగంగా కత్తి తిప్పే ఆటే. తీరిగ్గా తిరుగుతూ, మాట్లాడుతూ, వంతులవారీగా పోరాడే జపాన్ పద్ధతికి సరిపోయే సరుకు మన పురాణాల్లో కుప్పలుగా ఉంది, చేపట్టే జట్టు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ‘వెంజెన్స్’లో కొత్త కథను, సులువైన స్థాయిని ఎంచుకోవడం మేలు. తెలుగు లేదు కాబట్టి ఇంగ్లిష్ చదవగలగాలి. అమెరికా రేటింగ్ ప్రకారం ఇది పదిహేడేళ్లు నిండినవాళ్ల గేమ్. శివుడి పేరు చూసి చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు.